చంపని కంచె

*పంట కోసం వేసిన కరెంటు తీగ పొలానికి వెళ్లిన మనిషినే పొట్టన పెట్టుకుంటోంది. టీవీ రిమోట్‌లో ఉండే కిరణంతో, కొద్దిపాటి ఖర్చుతో ప్రాణం తీయని కాపలా పెట్టుకోవచ్చు. దాన్ని ఎలా తయారు చేయాలి? చేలో దించేముందు ఎలా పరీక్షించాలి? ఎ.కొండూరు లాంటి పల్లెల కోసం ఈ కథనం.*

రాత్రి రెండు దాటింది. మొక్కజొన్న కంకి పాలు పోసుకున్న రోజులు. గట్టు మీద మంచె, మంచె మీద దుప్పటి కప్పుకున్న రైతు, పక్కన రేకు డబ్బా, చేతికర్ర. మంచులో టార్చి వెలుగు పది బారలు కూడా దాటడం లేదు. వాగు వైపు ఒక దంటు పటుక్కున విరిగింది. ఆ వెంటనే మరో నాలుగు. 'ఒరేయ్, వాగు పక్కన దిగినయ్ రా!' అని కేక. డబ్బా మోత మొదలయ్యేసరికి మంద చేను మధ్యకు చేరింది. తెల్లారి చూస్తే సాళ్లకు సాళ్లు నేలమట్టం. తిన్నది కొంతే, తొక్కింది చాలా.

అడవి పంది బెడద ఉన్న ఏ ఊళ్లోనైనా ఈ రాత్రి ఇలాగే గడుస్తుంది. ఇలాంటి రాత్రులు వరసగా పది గడిస్తే మనిషికి ఓపిక పోతుంది. అప్పుడొక ఆలోచన వస్తుంది. మోటారు దగ్గర కరెంటు ఉంది, ఇంట్లో బైండింగ్ వైరు చుట్ట ఉంది. చేను చుట్టూ జానెడు ఎత్తున పుల్లలు పాతి, తీగ లాగి, ఒక కొన లైనుకు తగిలిస్తే చాలు, ఇంటికి పోయి పడుకోవచ్చు అనిపిస్తుంది.

ఆ తీగ తగిలేది పందికి మాత్రమే కాదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు, గడ్డికి వెళ్లిన ఆడమనిషి, మేత వెతుక్కుంటూ తాడు తెంపుకున్న గేదె, ఒక్కోసారి తీగ వేసిన మనిషే దానికి బలవుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంట చేతికొచ్చే కాలంలో జిల్లా పేజీల్లో ఈ వార్త కనపడని ఏడాది లేదు. ఊళ్లలో దీని మీద చర్చ ఎప్పుడూ ఒక ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది: 'మరి పంట ఎలా కాపాడుకోవాలి?' ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పకుండా తీగ వేయొద్దని మాత్రమే చెప్పడం రైతుకు సరిపోదు.

కొండల అంచున ఉన్న ఊరు

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది ఎ.కొండూరు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది కృష్ణా జిల్లాలో భాగం. డెల్టా కాలువల పచ్చదనం ఇక్కడిదాకా రాదు. మెట్ట పొలాలు, మామిడి తోటలు, పత్తి, మిరప, మొక్కజొన్న, మధ్య మధ్య గుట్టలు, చిట్టడవి. చేనుకూ పొదకూ మధ్య గట్టు వెడల్పే దూరం ఉన్న చోట రాత్రి కాపలా తప్పదు.

ఈ మండలం పేరు కొన్నేళ్లుగా పత్రికల్లో వినపడుతున్నది మాత్రం తండాల్లోని కిడ్నీ జబ్బు వల్ల. ఇంటి పెద్ద డయాలసిస్ కోసం తిరుగుతుంటే చేను చూసుకునే భారం ఇల్లాలి మీదా, చదువుకుంటున్న పిల్లల మీదా పడుతుంది. అలాంటి ఇంటికి రాత్రంతా మేలుకుని కాపలా కాయడం కుదిరే పనికాదు. కౌలు రైతుకూ అంతే. పగలు కూలికి పోతేనే ఇల్లు గడిచే మనిషి రాత్రి మంచె మీద కూర్చోలేడు. కరెంటు తీగ మొండితనంతో వేసేవాళ్లూ ఉంటారు. కానీ నిద్రకు మొహం వాచి, మరో దారి తోచక వేసేవాళ్లను కూడా మనం చూడాలి. వాళ్లకు కావలసింది తాము నిద్రపోతుంటే మేలుకుని ఉండి, పంది అడుగు పెట్టగానే లేపే ఏర్పాటు. అది సాధ్యమే. అందులో వాడే సరుకంతా ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికేదే.

> చట్టం ఏం చెబుతోంది?
>
> • లైనుకు కొక్కెం తగిలించి కరెంటు వాడుకోవడం విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ కింద దొంగతనం. మూడేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు.
>
> • ఆ తీగ తగిలి మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత కింద నరహత్య కేసు దాకా వెళ్లవచ్చు.
>
> • అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పరిధిలోని జంతువు. అధికారుల అనుమతి లేకుండా చంపడం నేరం.
>
> • తీగకు ఎదురొచ్చింది పందేనా, మరొకటా అన్న తేడా తెలియదు. 2019 మొదట్లో మంచిర్యాల జిల్లా అడవిలో పందుల కోసం పెట్టిన కరెంటు ఉచ్చుకు పులి బలైంది.

రిమోట్‌లో ఉన్న రహస్యం

1800 సంవత్సరంలో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంగ్లండులో ఒక చిన్న ప్రయోగం చేశారు. సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగు మీదా థర్మామీటరు పెట్టి వేడి కొలిచారు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనపడని చోట కూడా థర్మామీటరు పైకెక్కింది. పరారుణ కిరణం మనిషికి దొరికింది అలా. 1962లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజినీర్లు జేమ్స్ బియార్డ్, గ్యారీ పిట్‌మన్ ఆ కిరణాన్ని వెదజల్లే చిన్న డయోడ్‌కు పేటెంటు దరఖాస్తు చేశారు. ఇవాళ ప్రతి టీవీ రిమోట్ మూతిలోనూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ దాని సంతతే.

బీమ్ అలారం ఊహ చాలా సూటిగా ఉంటుంది. ఒక గుంజకు కిరణం పంపే పెట్టె, ఎదురు గుంజకు దాన్ని అందుకునే పెట్టె. కిరణం అందుతున్నంతసేపూ సైరన్ నోరు మెదపదు. ఏదైనా అడ్డం వచ్చి కిరణం తెగితే మోగుతుంది. లిఫ్టు తలుపు మూసుకుంటుండగా చెయ్యి అడ్డం పెడితే వెనక్కి తెరుచుకునేదీ, ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద కార్మికుడి చేయి ఉంటే యంత్రం ఆగిపోయేదీ ఇదే పద్ధతి మీద. పట్నంలో చేతులు కాపాడుతున్న ఈ కిరణం పల్లెలో ప్రాణాలు ఎందుకు కాపాడకూడదు?

ఈ దిశలో మన దేశంలో పని మొదలైంది కూడా. డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా, క్యారీ అనే సంస్థ కలిసి తెచ్చిన 'అనైడర్స్' పరికరం ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లతో జంతువును పసిగట్టి శబ్దంతో, వెలుగుతో బెదరగొడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పందులు, పక్షుల బెడద మీద పనిచేసే పరిశోధకులు గట్ల మీద ఆముదం వేయడం దగ్గర నుంచి శబ్ద పరికరాల దాకా ఎన్నో మార్గాలు చూపించారు. ఊళ్లో పిల్లలు సొంతంగా చేసుకోగల బీమ్ అలారం వీటికి తోడు నిలుస్తుంది.

ఊరికే వెలిగితే చాలదు

ఎల్ఈడీని ఊరికే వెలిగించి వదిలేస్తే పనికాదు. ఎండలో, బల్బులో, పొయ్యి మంటలో కూడా పరారుణం ఉంటుంది. మన కిరణం ఏదో, ఎండది ఏదో రిసీవర్ గుర్తుపట్టాలి. అందుకే కిరణాన్ని సెకనుకు 38 వేల సార్లు ఆర్పి వెలిగిస్తారు. టీఎస్ఓపీ 1738 లాంటి మూడు కాళ్ల రిసీవర్ ఆ లయతో వచ్చిన వెలుగును మాత్రమే పట్టించుకునేలా తయారైంది. టీవీలో రిమోట్ ఎదుట ఉండేది కూడా ఈ కుటుంబం రిసీవరే.

ఆ లయ పుట్టించేది 555 టైమర్ చిప్పు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెంజిండ్ 1971లో దీన్ని రూపొందించారు. సిగ్నెటిక్స్ కంపెనీ మరుసటి ఏడాది మార్కెట్లోకి తెచ్చింది. యాభై ఏళ్లు దాటినా దీని గిరాకీ తగ్గలేదు. ఒక వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు, దాదాపు 18 వేల ఓమ్‌ల మరో రెసిస్టరు, ఒక నానోఫారడ్ కెపాసిటరు కలిపితే సుమారు 38 కిలోహెర్ట్జ్ వస్తుంది. పెద్ద రెసిస్టరు బదులు 15 వేల ఓమ్‌లదీ, దానికి వరసలో తిప్పుకునే 10 వేల ఓమ్‌ల ప్రీసెట్టూ పెడితే సరిగ్గా శ్రుతి చేసుకోవచ్చు.

మొదటిసారి చేసే పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఆ తర్వాత. సర్క్యూట్ బల్ల మీద చక్కగా పనిచేస్తుంది, రెండు క్షణాల్లో ఎవరూ అడ్డం రాకపోయినా మోగడం మొదలెడుతుంది. సోల్డరింగ్ తప్పేమో అని మళ్లీ మళ్లీ కరిగిస్తారు. కారణం వేరే ఉంది. రిమోట్ కోసం చేసిన రిసీవర్ ఆగకుండా వచ్చే 38 కిలోహెర్ట్జ్ వెలుగును ట్యూబులైటు గోల అనుకుని చెవులు మూసుకుంటుంది. అందుకని కిరణాన్ని చిన్న చిన్న విడతలుగా పంపాలి: సెకనులో వెయ్యోవంతు వెలుగు, ఆ పైన అంతకు నాలుగైదు రెట్లు విరామం. రెండో 555 చిప్పు మొదటి దాని నాలుగో కాలిని ఆపుతూ వదులుతూ ఆ పని చేస్తుంది. లేదా బీమ్ అడ్డుకట్టల కోసమే తయారైన టీఎస్ఎస్‌పీ 4038 రిసీవర్ వాడితే ఆగకుండా వచ్చే కిరణాన్నీ అది పట్టుకుంటుంది.

అవతలి పెట్టెలో మరో 555 విడతలు వస్తున్నాయా అని కనిపెడుతూ ఉంటుంది. ప్రతి విడతకూ ఒక ట్రాన్సిస్టరు దాని కెపాసిటరును ఖాళీ చేస్తుంది. విడతలు ఆగితే కెపాసిటరు నిండి అలారం అందుకుంటుంది. ఎంతసేపు ఆగితే మోగాలన్నది మన చేతిలో ఉంది. ఆకు రాలినా, పురుగు ఎగిరినా కిరణం తెగేది రెప్పపాటే. ఆదమరచి నడిచే పెద్ద పంది ఒళ్లు దాటడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. 180 కిలో ఓమ్‌ల రెసిస్టరు, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే సెకనులో అయిదోవంతు ఆగి మోగుతుంది. ఆకునూ పురుగునూ వదిలేసి జంతువును పట్టుకోవడానికి ఇది మంచి మొదలు.

ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. కిరణం పంపే పెట్టె బ్యాటరీ అయిపోయినా, ఎవరైనా గుంజ పీకినా కిరణం ఆగిపోయినట్టే, సైరన్ మోగుతుంది. పంపే వైపు పనిచేయడం మానేసిన సంగతి తనే చెప్పే కాపలా ఇది.

> ఏమేం కావాలి?
>
> • పంపే పెట్టె: 555 చిప్పులు రెండు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, దాన్ని నడిపే చిన్న ట్రాన్సిస్టరు. లయకు 1 కిలో ఓమ్, 15 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ ప్రీసెట్, 1 నానోఫారడ్. విడతలకు 15 కిలో ఓమ్, 68 కిలో ఓమ్, 100 నానోఫారడ్, ఒక 1ఎన్4148 డయోడ్.
>
> • అందుకునే పెట్టె: టీఎస్ఓపీ 1738 రిసీవర్, దాని సరఫరాకు 100 ఓమ్, 4.7 మైక్రోఫారడ్ వడపోత. 555 చిప్పులు రెండు, బీసీ 557 ట్రాన్సిస్టరు. 30 సెకన్లు మోగడానికి 270 కిలో ఓమ్, 100 మైక్రోఫారడ్. బీసీ 547, 12 వోల్టుల రిలే, రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, సైరన్.
>
> • కరెంటు: 12 వోల్టుల బ్యాటరీ, 7805 రెగ్యులేటరు. మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ చక్కగా సరిపోతుంది.
>
> • ఈ ఎలక్ట్రానిక్ భాగాలు విజయవాడలోనూ, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనూ దొరుకుతాయి.
>
> • 230 వోల్టుల కరెంటు ఇందులో ఎక్కడా వాడకూడదు.

బల్ల మీద పరీక్ష, చేలో పరీక్ష

తయారు చేయడం సగం పనే. పరీక్షించని అలారాన్ని నమ్మి నిద్రపోవడం కాపలా లేకపోవడం కంటే ప్రమాదం. పరీక్ష ఒక వరసలో జరగాలి.

మొదట ఎల్ఈడీ. అది వెలుగుతోందో లేదో కంటికి తెలియదు. సెల్‌ఫోన్ కెమెరాలో చూస్తే ఊదారంగు మెరుపు కనపడుతుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరా ఈ కిరణాన్ని వడపోసేస్తుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాలో చూడాలి. తర్వాత రిసీవర్. ఇంట్లో టీవీ రిమోట్ తెచ్చి దాని ఎదుట ఏదో ఒక బటన్ నొక్కితే, రిసీవర్‌కు తగిలించిన చిన్న దీపం మిణుకుమనాలి. రిమోట్‌కు పలికి మన పెట్టెకు పలకకపోతే లోపం పంపే వైపు ఉన్నట్టు. రెండింటికీ పలకకపోతే రిసీవర్ కాళ్ల వరస చూసుకోవాలి. ఒకే పనిచేసే రిసీవర్లలో కూడా రకాన్ని బట్టి ఆ వరస మారుతుంది.

ఆ తర్వాత దూరం. రెండు పెట్టెల్నీ ఒక మీటరు ఎడంలో పెట్టి, పనిచేశాక ఒక్కో మీటరూ వెనక్కి జరపాలి. ఎక్కడ తడబడితే అక్కడ ప్రీసెట్‌ను మెల్లగా తిప్పాలి. సరైన లయ దగ్గర దూరం ఒక్కసారిగా పెరుగుతుంది. కొలిచే యంత్రం లేని బడిలో కూడా శ్రుతి కుదుర్చుకునే మార్గమిది. మామూలు ఎల్ఈడీతో పది మీటర్లు సులువుగా వస్తుంది. భూతద్దం లాంటి కటకం పెట్టి కిరణాన్ని కూడగడితే ఇంకా ముందుకు పోవచ్చు.

బల్ల మీద గెలిచిన సర్క్యూట్ చేలో ఓడిపోవడం మామూలే. ఎండ నేరుగా పడితే రిసీవర్‌కు ఏదీ కనపడదు. దాన్ని లోపల నల్లరంగు పూసిన జానెడు పీవీసీ గొట్టంలో కూర్చోబెట్టి, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ ముఖం చూపని దిక్కుకు తిప్పాలి. దట్టమైన మంచు కిరణాన్ని పలచబరుస్తుంది, కాబట్టి గరిష్ఠ దూరంలో సగమే నమ్ముకోవాలి. గాలికి ఊగే ఆకు కిరణానికి అడ్డం వస్తే రాత్రంతా మోత తప్పదు. గొట్టం మూతిలో సాలెపురుగు గూడు కడుతుంది, వారానికోసారి గుడ్డతో తుడవాలి. గుంజ కదిలితే గురి తప్పుతుంది. వాన తర్వాత మళ్లీ సరిచూసుకోవాలి.

కిరణం ఎత్తు మరో సంగతి. మోకాటి ఎత్తున ఒకే కిరణం పెడితే కుక్క దాటినా మోగుతుంది. జానెడున్నర ఎత్తున ఒకటి, మూడు జానల ఎత్తున ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి తెగితేనే మోగేలా కలిపితే కుందేలు, ముంగిస, పిల్లి లాంటివి నిద్ర చెడగొట్టవు. గోడల కాపలాకు కంపెనీలు అమ్మే రెండు కిరణాల అలారాలు చేసేదీ ఇదే.

చివరి పరీక్ష మనుషులు చేయాలి. ఒకరు మెల్లగా నడిచి, ఒకరు పరుగెత్తి, ఒకరు వంగి పాకి కిరణం దాటాలి. ప్రతిసారీ మోగిందో లేదో రాసుకోవాలి. ఒక రాత్రంతా ఊరికే వదిలి, కారణం లేకుండా ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. ఉత్తినే మోగే అలారాన్ని రైతు మూడో రోజు ఆపేస్తాడు.

ఇది చేయలేని పనులు

రైతుకు అతిగా ఆశపెట్టకూడదు. కిరణం పందిని ఆపదు, మనిషిని లేపుతుంది. లేచిన మనిషి వెళ్లి అదిలించాలి. ఒకే రకం సైరన్ రోజూ వింటే పంది దానికి అలవాటుపడుతుంది. అందుకే సైరన్ చప్పుడునూ పెట్టె చోటునూ మారుస్తుండాలి, దానికి పెద్ద వెలుగు జోడించాలి. చేను ఇంటికి దూరమైతే సైరన్ వినపడదు. మోటారును ఫోన్‌తో నడిపే స్టార్టర్లు ఇప్పటికే పొలాల్లో ఉన్నాయి. అలాంటి సిమ్ కార్డు మాడ్యూల్‌నే అలారానికి కలిపితే రైతు ఫోన్ మోగుతుంది.

చుట్టుకొలత కూడా చిన్నది కాదు. చదరంగా ఉన్న ఎకరం చేనుకు ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు, మొత్తం 250 మీటర్లు దాటుతుంది. అంతా కిరణాలతో చుట్టాలంటే ఖర్చు పెరుగుతుంది. అయితే పంది చేనులోకి నలుమూలల నుంచీ దిగదు. వాగు ఒడ్డున, పొద పక్కన, కంచె సందుల్లో దానికి అలవాటైన దారులుంటాయి. ఆ జాడలు రైతుకు తెలుసు. ముందుగా ఆ రెండు మూడు చోట్ల కాపలా పెడితే చాలావరకు పని జరుగుతుంది. ఇక్కడ చిప్పు ఎంత ముఖ్యమో, నేల మీద గుర్తులు చదివే రైతు కన్ను అంతే ముఖ్యం.

బడి నుంచి చేనుకు

అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో మొదలైంది. దాని కింద ఎంపికైన బడికి టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఇన్‌స్పైర్ మానక్ పథకం ఎంపికైన విద్యార్థి ఆలోచనకు 10 వేల రూపాయలు ఇస్తుంది. ఎ.కొండూరుకు కూతవేటు కాకపోయినా చేరువలోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2008 నుంచి పల్లె పిల్లలు అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నారు. డబ్బూ, చదువూ, అవసరమూ మూడూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. వాటిని కలిపే పని మిగిలింది.

సైన్స్ ఫెయిర్లలో బీమ్ అలారం కొత్తది కాదు. అట్ట పెట్టె ఇల్లు, లోపల బొమ్మ దొంగ, దాటగానే బజర్. బహుమతి వస్తుంది, సర్క్యూట్ అటక ఎక్కుతుంది. అదే పిల్లలకు ఉపాధ్యాయులు 'ఈసారి మీ నాన్న చేనులో పెట్టి పదిహేను రాత్రులు లెక్క రాయండి' అని చెబితే చదువు వేరేగా ఉంటుంది. మంచు రోజున ఎందుకు మోగింది, ప్రీసెట్ ఎటు తిప్పితే దూరం పెరిగింది అన్న ప్రశ్నలకు జవాబు వెతుకుతూ నేర్చుకున్న భౌతికశాస్త్రం మార్కుల కోసం చదివినదాని కంటే నిలుస్తుంది. కరెంటు తీగ వద్దని ఇంట్లో చెప్పడానికి ఆ బిడ్డ దగ్గర ఒక వస్తువు ఉంటుంది, ఉత్త నీతివాక్యం కాదు.

పెద్దలు చేయాల్సినవీ ఉన్నాయి. పంచాయతీ నాలుగు జతల పెట్టెలు కొని, పంట కాలంలో కౌలు రైతులకూ, జబ్బు మనిషి ఉన్న ఇళ్లకూ ముందుగా అద్దె లేకుండా ఇవ్వవచ్చు. వ్యవసాయ శాఖ రైతు సమావేశాల్లో విత్తనం, ఎరువుతో పాటు ఈ కాపలా గురించి కూడా చూపించవచ్చు. విద్యుత్ సిబ్బంది కొక్కేలు తీసేయడానికి వెళ్లినప్పుడు బదులుగా ఏం పెట్టుకోవచ్చో చెప్పవచ్చు. కేసులు పెట్టే చేతికి దారి చూపే బాధ్యత కూడా ఉంది.

పంట పోతే ఆ ఏడాది అప్పు పెరుగుతుంది, నిజం. ఆ నష్టం చిన్నదని ఎవరూ అనకూడదు. కానీ పక్క చేను మనిషి ప్రాణం పోతే రెండు ఇళ్లు పాడవుతాయి: ఒకటి చావుతో, ఇంకొకటి జైలుతో. ఈ రెండు నష్టాల్లో ఏదో ఒకటి ఎంచుకోమని రైతును నిలబెట్టే కాలం పోవాలి. వచ్చే రబీ మొక్కజొన్న పాలు పోసుకునేలోపు ప్రతి మండలంలో ఒక్క బడి అయినా ఒక జత పెట్టెలు తయారుచేసి, పరీక్షించి, ఊరి అంచు చేలో నిలబెట్టాలి. అది సరిగా పనిచేసిందని పక్క రైతు కళ్లారా చూస్తే, బైండింగ్ వైరు చుట్టను పందిరి కట్టడానికి దాచుకుంటాడు.